షాబాన్ విందుకు జొన్నలు నానబెడదాం

పెద్దలకు నమస్కారం, సలాం. స్వాగతాలు అయిపోయాయి, నేరుగా పనిలోకి వెళ్దాం.

ఉస్మానియాలో చదివే సూడాన్, యెమెన్, సోమాలియా పిల్లలను రంజాన్ ముందు భోజనానికి పిలవాలనుకున్నారు. మంచి మాట. తేదీ మాత్రం రంజాన్‌కు ముందు నెల షాబాన్‌లో 29 పెట్టకండి. ఆ సాయంత్రం అందరి కళ్లూ నెలవంక మీదే. కనిపించిందంటే ఆ రాత్రే తరావీ నమాజు, తెల్లారకముందే సహరీ భోజనం. 26 గానీ 27 గానీ మేలు. అది సోమవారమో గురువారమో అయితే ఇంకో రోజు చూడండి, ఆ రెండు రోజులూ చాలామంది రోజా ఉంటారు. నిరుడు తప్పిన రోజాలు తీర్చుకునే ఆడపిల్లలు ఏ రోజైనా ఉపవాసంలో ఉండొచ్చు. కాబట్టి వడ్డన మగ్రిబ్, అంటే పొద్దుగుంకిన వేళ నమాజు, తర్వాతే. అజాన్ వేళకు ఖర్జూరాలు, నీళ్లు, నమాజుకు ఒక శుభ్రమైన గది.

ఇక వంట. దయచేసి మళ్లీ బిర్యానీ అనకండి! పిలిచిన ప్రతిచోటా అదే పెడుతున్నాం, మన కారంతోనే పెడుతున్నాం. సూడాన్ ఇళ్లలో సాధారణంగా కారం కూరలో కలపరు, షత్తా అని పక్కన పెట్టుకుంటారు. ఏం తింటారని వాళ్లను ఒక్కసారైనా అడిగామా? వాళ్లది జొన్న తినే దేశమండీ. మన సంకటి లాంటిదే వాళ్ల అసీదా. మన బెండకాయ వరుగులు దంచితే వాళ్ల వైకా.

అన్నిటికన్నా ముఖ్యం హిలు-ముర్. తీపి-చేదు అని అర్థం. షాబాన్‌లో ఆడవాళ్లంతా కలిసి చేసి, పరదేశంలో ఉన్న పిల్లలకు పొట్లాలు కట్టి పంపే, నీళ్లలో నానబెట్టి తాగే జొన్న రేకులివి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ పొట్లాలకు దారి కష్టమైంది. అందుకే ఇంతగా అడుగుతున్నాను, ఇక్కడే చేద్దాం.

షాబాన్ నెల నడుమ వచ్చే షబే బరాత్ మర్నాటి రాత్రి 3 కిలోల ఎర్రజొన్నలు నానబెట్టాలి. విత్తనాల కొట్లోవి వద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. విరిగిన గింజ మొలవదు, బూజు పట్టి పక్క గింజలనూ పాడుచేస్తుంది, ముందే ఏరేయండి. పొద్దున నీళ్లు వంచి, తడి గోనెపట్టా మీద పలచగా పరచి ఇంకో గోనె కప్పాలి. మూడు నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించి, చేత్తో కలపాలి. కుప్పగా ఉంటే లోపల వేడెక్కి కుళ్లుతుంది.

ఇక్కడ జాగ్రత్త. లేత జొన్న మేసిన పశువు విషమెక్కి చావొచ్చని రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. మొలకలోనూ ఆ విషమే ఉంటుంది. పెసర మొలకల్లా పచ్చిగా నోట్లో వేసుకోకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. గలగలలాడేలా ఎండాక నలిపి, వేర్లూ మొలకలూ చేటతో చెరిగి పారేసి, అప్పుడు మరకు పంపాలి.

తర్వాత జొన్నపిండి జావ కాచి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఈ పిండి కలపాలి. మొలక పిండే జావను తియ్యబరుస్తుంది. మరిగే జావలో పోస్తే ఆ గుణం చచ్చిపోతుంది. శొంఠి, దాల్చినచెక్క, యాలకులు, నల్లజీలకర్ర దంచి వేస్తారు. కొందరు కర్కదే కూడా వేస్తారు, అంటే ఎర్రగోంగూర కాయల మీది ఎర్రటి రేకలే. రెండు రోజులు పులిశాక పెనం మీద పలచగా పరచి, గోధుమరంగు తిరిగేదాకా కాల్చాలి. తాగేముందు రేకులు చన్నీళ్లలో నానబెట్టి, వడగట్టి, చక్కెర వేస్తారు. పాళ్లు ఇంటింటికీ మారతాయి. అందుకే ఆ పిల్లలను తినే వేళకు కాదు, జావ కాచే రోజే పిలవాలి. పొయ్యి దగ్గర మాట వాళ్లదే కావాలి.

మిగతాది తేలిక. యాభైమందికి అసీదాకు 4 కిలోల జొన్నపిండి, పులుసుకు 8 కిలోల పెరుగు, ఉల్లిపాయలు. వైకా పొడి ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, చిలుకుతూ చల్లండి. మాంసం పెడితే హలాల్ కొట్టు నుంచే, వేరే గిన్నెలో. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్ కలిసిన మిఠాయి తేకండి.

ఇప్పుడు చెప్పండి, ఎరువు మూటలు కాని శుభ్రమైన గోనెపట్టాలు ఎవరింట్లో ఉన్నాయి? నాలుగు కావాలి. ఎండ తగిలే డాబా ఒకటి కావాలి. చేతులెత్తండి.