మన కొలత మనకు తెలియాలి

(పాలకొల్లులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

గ్రంథాలయంలో కుట్టుపని మీద, వంట మీద ప్రసంగమేమిటని కొందరు అడిగారట. అడగవలసిన ప్రశ్నే. చదవటం వచ్చినవాడు తన బుద్ధితో తాను ఆలోచించుకుంటాడనే నమ్మకంతో మన పెద్దలు ఊరూరా గ్రంథాలయాలు నిలబెట్టారు. సూది పట్టటం, గరిటె పట్టటం వచ్చినవాళ్లు తమ ఒంటి సంగతి తాము చూసుకోగలుగుతారు. నా దృష్టిలో అదీ చదువే. ఉద్యోగకాలమంతా బడిలో కుట్టుపని నేర్పాను. పదవీ విరమణ తర్వాత వంట కూడా కలిపి నేర్పుతున్నాను. ఆ అనుభవంతోనే మీ ముందుకు వచ్చాను.

కుట్టు అనగానే మనకు ఉపాధి గుర్తుకొస్తుంది. ఆధారం లేని స్త్రీకి మిషన్ ఇప్పించటం, కొన్ని నెలల శిక్షణ, చివర ఒక ధ్రువపత్రం. అవన్నీ కావలసినవే. కానీ దీన్ని కేవలం కూలి లెక్కలో చూడటం వల్ల మనం పోగొట్టుకున్నది కూడా ఉంది. మన పక్కనే నరసాపురం ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన క్రోషా లేసు అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో వేల ఇళ్లకు పాకింది. ఎక్కడో ఐరోపాలో బల్లల మీద పరిచే గుడ్డలు మన అరుగుల మీద తయారయ్యాయి. 2024లో ఆ లేసుకు, ఈ ప్రాంతపు సరుకేనని చాటే భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ చేతులకు ముట్టిన కూలి మాత్రం ఎప్పుడూ తక్కువే. అంతకంటే నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. జీవితమంతా లేసు అల్లిన అమ్మలను చాలామందిని ఎరుగుదును. అందులో ఒక్క ముక్క తన కిటికీకో, తన పక్కమీదికో అల్లుకున్నవారు అరుదు. చేతిలో అంత విద్య ఉండి, అదంతా పరాయివాళ్ల కోసమే ఖర్చయిపోయింది. తన కోసం ఒక విద్య నేర్చుకునే హక్కు ఆమెకు లేదా? ఈ సాయంత్రం నేను అడుగుతున్నది ఆ హక్కే.

తమ్ముళ్లకూ ఒక మాట. మన పెళ్లిళ్లలో వందల మందికి వండేది ఎక్కువగా మగవాళ్లే. బజారులో జాకెట్లు కుట్టే దర్జీలలోనూ ఎందరో మగవాళ్లు. డబ్బు వచ్చే చోట అది మగవాడి పనితనం, డబ్బు రాని చోట ఆడవాళ్ల చాకిరీ! ఈ లెక్క నేను ఒప్పుకోను. కోనసీమ నుంచి, ఈ వశిష్ఠ గోదావరి ఒడ్డు నుంచి గల్ఫ్‌కూ హైదరాబాదుకూ వెళ్లే కుర్రాళ్లెందరో నాలుగు కూరగాయలు తరిగి వండుకోవటం తెలియక మూడు పూటలా హోటలు మీద పడుతున్నారు. ఊడిన గుండీ కుట్టుకోవటం తెలియక చొక్కా పక్కన పడేస్తున్నారు. కొడుకును ఊరు పంపే ముందు పెట్టెలో ఆవకాయ జాడీ సర్దే తల్లి, దానికి ముందు పప్పు వండటం నేర్పి పంపితే బాగుంటుంది.

ఇక కుట్టుపని. నా తరగతిలో మొదటి రోజు మిషన్ తాకనివ్వను. టేపు చేతికిస్తాను. ఎవరి కొలతలు వాళ్లు, తోటి వారి సాయంతో, తీసి కాగితం మీద రాయాలి: భుజం, ఛాతీ, నడుము, చేయి పొడవు, మెడ లోతు. ఆ రోజు గదిలో కనిపించే సిగ్గు, బెదురు చూస్తే మనసు కలుక్కుమంటుంది. చదువుకున్న పిల్లలు కూడా నడుము కొలత పైకి చెప్పటానికి తల దించుకుంటారు. రెడీమేడ్ దుకాణంలో 36 పట్టలేదనో, 38 వదులైందనో తమ ఒంట్లోనే ఏదో లోపముందని అనుకుంటూ పెరిగినవాళ్లు వాళ్లు. ఎందరికో ఒక భుజం రెండోదానికంటే కాస్త దిగి ఉంటుందని, ఒంటికి రెండు పక్కలా కొలత అచ్చుగా ఒకటే ఉండనక్కర్లేదని టేపు పట్టినప్పుడు తెలుస్తుంది. గుడ్డను ఒంటికి సరిపడేలా కత్తిరించాలి, ఒంటిని గుడ్డకు సరిపడేలా మార్చుకోనక్కర్లేదు. ఈ మాట నేను ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఎక్కదు. సొంత కొలతతో కుట్టిన మొదటి జాకెట్టు ఒంటిమీద అమరినప్పుడు మాత్రం మరి చెప్పనవసరం ఉండదు. ఆ పిల్ల నిలబడే తీరే మారుతుంది. ఆత్మవిశ్వాసం గురించి గంటసేపు ఉపన్యసించినా రాని మార్పు అది.

పనిలోని కిటుకులు కొన్ని చెబుతాను. ఇవి తెలియకే చాలామంది మధ్యలో వదిలేస్తారు. కొత్త నూలు గుడ్డను కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. గుడ్డ పరిచేటప్పుడు పడుగు, అంటే నేతలోని పొడవు దారాలు, నిలువుగా వచ్చేలా చూసుకోండి, లేకపోతే ఉతికిన కొద్దీ అంచు ఒక పక్కకు జారుతుంది. అదే గుడ్డను ఐమూలగా లాగి చూడండి, రబ్బరులా సాగుతుంది. మెడ చుట్టూ వేసే పట్టీని ఐమూలగా కత్తిరించేది అందుకే, వంపు తిరిగిన చోట అది ముడత పడకుండా ఒదుగుతుంది. జాకెట్టులో అందరినీ ఏడిపించేది చంక భాగం. చేయి ముందుకు కదులుతుంది కాబట్టి ముందు పక్క చంక వంపు వెనక పక్కకంటే కొంచెం లోతుగా ఉండాలి. రెండూ ఒకేలా కత్తిరిస్తే ఎంత బాగా కుట్టినా పట్టేస్తుంది. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంటే చాలామంది అడుగుదారం చుట్టిన బాబిన్‌ను అనుమానిస్తారు. దోషం సాధారణంగా పైదారం బిగువులోనో, దారం ఎక్కించిన తీరులోనో ఉంటుంది. పలుచని వాయిలుకు 11 నంబరు సూది, మామూలు నూలుకు 14, జీన్సు లాంటి మందపు గుడ్డకు 16 గాని 18 గాని వేయాలి. మొద్దుబారిన సూదితో కుట్లు తప్పిపోతుంటే, మిషన్ పాడైందని మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్లేవాళ్లను చూశాను.

అన్నిటికంటే మంచి గురువు పాత జాకెట్టు. ఒంటికి బాగా అమరి, చిరిగిపోయి పక్కన పెట్టినదాన్ని తీసుకుని కుట్టు కుట్టూ విప్పండి. ముక్కలన్నీ నేల మీద పరిస్తే చేసినవాడి ఆలోచన అంతా కనిపిస్తుంది: ఒంటి వంపు కోసం మడిచి కుట్టిన టక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, లోపల ఎంత గుడ్డ వదిలాడు, చేయి పైభాగం ఎంత గుండ్రంగా ఉంది. చొక్కాకూ అంతే. కుట్టటం కంటే విప్పటంలో ఎక్కువ నేర్చుకుంటామని నా నమ్మకం.

కొలత అన్న మాట పట్టుకునే వంటింట్లోకి వెళదాం. ఆరోగ్యంగా వండటమంటే చప్పిడి కూడు తినటమని మన వైపు ఒక భయం ఉంది. పులస పులుసు మానమనీ, ఆత్రేయపురం పూతరేకులు మానమనీ నేను చెప్పటం లేదు. అవి పండుగ నాటివి, వాటి వల్ల ఎవరూ చెడిపోలేదు. రోజూ మనకు తెలియకుండా పడేవాటి సంగతి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే సుమారు ఒక టీ చెంచా. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోంది? ఇందులో ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాల ఉప్పు ఇంకా కలపలేదు. నూనె సంగతీ అంతే. నలుగురికి నెలకు 5 లీటర్లు కొంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు దాటుతుంది. జాతీయ పోషకాహార సంస్థ సూచించేది సుమారు 27 గ్రాములు, అంటే 30 మిల్లీలీటర్లు. నూనె డబ్బా వంచి పోయటం మాని చెంచాతో కొలిచి వేయటం మొదలుపెట్టిన ఇళ్లలో, ఏ కూరా మానకుండానే, డబ్బా మరికొన్నాళ్లు వచ్చింది.

అన్నం గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. మనం ఉన్నది గోదావరి డెల్టాలో. వరదకూ కరవుకూ నలిగిన ఈ నేలకు ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక నీళ్లు దక్కాయి, నీళ్లతో వరి దక్కింది. తర్వాత మిల్లులు వచ్చాయి, బియ్యం తెల్లబడింది. తెల్లబడిన కొద్దీ తవుడుతోపాటు బి1 విటమిను పోయింది. 20వ శతాబ్దం తొలి సగంలో మన కోస్తాలోని ఉత్తర సర్కారు జిల్లాలను, ఆ విటమిను లేక వచ్చే బెరిబెరి జబ్బు పట్టి పీడించింది: కాళ్లు తిమ్మిరెక్కటం, వాపు, గుండె నీరసించటం. తమిళనాడులోని కూనూరు పరిశోధనశాలలో శాస్త్రజ్ఞులు దీన్ని పట్టుదలగా అధ్యయనం చేశారు. 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారింది ఆ పరిశోధనశాలే. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ జబ్బు అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు ఆ విటమిను తవుడులోంచి గింజ లోపలికి దిగి, మిల్లు పట్టినా కొంత నిలుస్తుంది. ధాన్యం నిండిన గాదెల పక్కన మనుషులు పోషణ లేక పడిపోయిన చరిత్ర మనది. దాన్ని మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవటం నాకు అన్యాయంగా తోస్తుంది.

కాబట్టి బియ్యాన్ని తెల్లనీళ్లు పోయేదాకా మళ్లీ మళ్లీ కడగకండి. గంజి వార్చేవాళ్లయితే దాన్ని పారబోయకండి, చారులోనో పులుసులోనో కలపండి. కుదిరితే వారంలో కొన్ని పూటలు దంపుడు బియ్యం వండండి, నానబెట్టి వండితే మెత్తగానే ఉంటుంది. ఇంకో సంగతి. మన పక్కనే ఉన్న మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకాన్ని మన రైతులు పండిస్తూ వచ్చారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులతో కలిసి 235 రకాల బియ్యం రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించింది. ఆ వేగాన్ని చెప్పే సూచిక 48 నుంచి 92 దాకా ఉంటే, స్వర్ణ తక్కువ వరుసలో, అంటే చక్కెరను నెమ్మదిగా పెంచేవాటిలో నిలిచింది. లావు బియ్యమని చిన్నచూపు చూసి సన్నబియ్యం కొనుక్కునే ఇళ్లు ఈ మాట ఆలోచించాలి. అయితే రకం మంచిదని కంచం నిండా పెట్టుకోమని అర్థం కాదు. షుగరు మందులు వాడేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి.

అన్నం తగ్గిన చోట కూర పెరగాలి. మన వైపు దొరికే కూరలకు కొదవేమిటి! కంద, బచ్చలి, పొన్నగంటి, మునగాకు, అరటి దూట, అరటి పువ్వు, పనసపొట్టు. ఈ కూరల పేర్లు తెలిసిన పిల్లలు తగ్గిపోతున్నారు. ఆకుకూరల ప్రస్తావన వచ్చినప్పుడు భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమనే విటమినును తయారుచేశారు. రక్తహీనతకూ, ఆ స్ప్రూ జబ్బుకూ అది మందైంది. గర్భం దాల్చే ముందు నుంచీ అది అందితే బిడ్డ వెన్ను, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయి. సహజంగా అది మనం గట్టు మీద కోసుకునే ఆకుకూరల్లోనే ఉంది. ఎక్కువ నీళ్లలో ఎక్కువసేపు ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పోతుంది. కడిగాకే తరగండి, కొద్ది నీళ్లతో మూతపెట్టి వండండి. దించాక నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది, గంటైనా ఆగండి. మాంసాహారులు ముల్లుతో తినే పరిగెలు, మెత్తళ్లు వదలకండి. వాటిలో ఎముకలకు కావలసిన సున్నం, అంటే కాల్షియం బలం ఉంది. పులుసు పెట్టుకుంటే వేపుడు కంటే మేలు.

మర్యాద విషయంలో ఒక్క విన్నపం. వద్దన్నా వడ్డించటం మన గోదావరి జిల్లాల ప్రేమ. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. అయితే ఎవరి కడుపు కొలత వాళ్లకే తెలుస్తుంది. అతిథి చాలంటే గరిటె వెనక్కి తీసుకోండి. కొసరాలనిపిస్తే అన్నం బదులు కూర కొసరండి.

వచ్చే ఆదివారం ఉదయం ఈ హాలు వెనక గదిలో మిషన్లు వేసి ఉంచుతాము. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ రావచ్చు, వయసుతో పని లేదు. వచ్చేవాళ్లు ఒంటికి బాగా అమరిన పాత జాకెట్టు గాని చొక్కా గాని తెచ్చుకోండి, విప్పటానికి. ఇంట్లో నెలకు ఎంత ఉప్పు, ఎంత నూనె కొంటున్నారో, తినేవాళ్లు ఎంతమందో ఒక చీటీ మీద రాసి తెండి. చీటీ మీద పేరు అక్కర్లేదు. లెక్క అక్కడే కూర్చుని వేద్దాం. మొదట తలగడ గలీబు కుడతాం, అందులో అన్నీ తిన్నని కుట్లే కాబట్టి చేయి అలవాటు పడుతుంది. కుట్లు విప్పటానికి చూపు ఆనని పెద్దలు మనవలను వెంట తీసుకురండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, సమయం ఉంది.