పాత ఎలక్ట్రానిక్స్‌లోని రాగి తీగ: గుర్తుపట్టడం, గ్రేడు కట్టడం

అందరికీ నమస్కారం.

పాత టీవీలు, కంప్యూటర్లు, ఛార్జర్లు విప్పి తీగలు వేరుచేసే పని మీలో చాలామంది చేస్తున్నారు. ఇంత కష్టపడ్డా తగిన ధర రావడం లేదన్నదే అందరి బాధ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రాగి గ్రేడులో సగం తీగ తయారైన రోజే ఖాయమైపోతుంది, మిగతా సగం విప్పేవాళ్ల చేతిలో ఉంటుంది. మనం పోగొట్టుకుంటున్నది ఆ రెండో సగాన్ని.

కొనేవాళ్లు ఏం చూస్తారో ముందు అర్థం చేసుకుందాం. తుక్కు రాగి చివరికి చేరేది కొలిమికే. శుభ్రంగా ఉన్నదాన్ని నేరుగా కరిగించి వాడుకోవచ్చు. తగరం, సీసం, ఇనుము కలిసినదాన్ని మళ్లీ శుద్ధి చేయాలి. ఆ ఖర్చంతా మన ధరలోంచే పోతుంది. రాగిలో కల్తీ ఎంత కొంచెమైనా కొంచెం కాదు. 0.04 శాతం ఫాస్ఫరస్ కలిసినా కరెంటును మోసే గుణం దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. అందుకే తీగ కొసన తగరం కలిసిన సోల్డరింగ్ బొట్టు కనబడగానే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. అది ఉత్త బేరం కాదు.

అంతర్జాతీయ వ్యాపారంలో అమెరికా తుక్కు పరిశ్రమ సంఘం ఈ గ్రేడులకు రాసిన నిర్వచనాలు బాగా వాడుకలో ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉండేది బేర్ బ్రైట్, కోడ్ పేరు బార్లీ. ఏ పూతా లేకుండా తళతళలాడే స్వచ్ఛమైన రాగి తీగ ఇది. మందం సాధారణంగా 16 గేజ్‌కు, అంటే సుమారు 1.3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ కింద నంబర్ వన్, దాని కోడ్ బెర్రీ. రంగు కాస్త మాసినా తీసుకుంటారు గానీ పూత, సోల్డరింగ్ ఉండకూడదు, మందం ఇక్కడా 16 గేజ్‌కు తగ్గకూడదు. తర్వాతది నంబర్ టూ, బర్చ్. ఇందులో రాగి 96 శాతం దాకా ఉండాలి, 94కు తగ్గితే ఒప్పుకోరు.

ఇక్కడ చాలామందికి ఒక అన్యాయం కనబడుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఉండేది మంచి రాగే. కానీ దాని మందం అర మిల్లీమీటరే, కాబట్టి అది నంబర్ టూకే వెళ్తుంది. సన్నటి తీగకు గాలి తగిలే ఉపరితలం ఎక్కువ, కొలిమిలో అది త్వరగా ఆక్సైడుగా మారి నష్టం వస్తుంది. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో చుట్టలుగా ఉండే వైండింగ్ తీగ మీద వార్నిష్ లాంటి ఎనామెల్ ఉంటుంది కాబట్టి అదీ నంబర్ టూనే. ఎలక్ట్రానిక్స్ నుంచి బేర్ బ్రైట్ కుప్పలుగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక గుర్తుపట్టడం. ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వాలి.

మొదట అయస్కాంతం. కేబుల్ టీవీకి వాడే గుండ్రటి కోయాక్స్ కేబుల్ మధ్య తీగ పైకి ఎర్రగా మెరుస్తుంది గానీ చాలా వాటిలో లోపల ఉండేది ఉక్కు. అయస్కాంతానికి అంటుకుంటే పక్కన పెట్టేయండి. అంటుకోనంత మాత్రాన రాగి అనుకోకండి, అల్యూమినియం కూడా అంటుకోదు.

అసలు చిక్కు రాగి పూత పూసిన అల్యూమినియంతోనే. చవక నెట్‌వర్క్ కేబుళ్లలో, స్పీకర్ వైర్లలో ఇది విపరీతంగా దొరుకుతుంది. కటింగ్ ప్లేయర్‌తో తెంపి కొస చూసి నిర్ణయించేస్తారు చాలామంది. అది చాలదు. తెంపేటప్పుడు పై రాగి పొర సాగి కొస మీదికి పరుచుకుంటుంది, లోపలి తెలుపు కనబడదు. సన్న ఆకురాయితో తీగ పక్కను నాలుగుసార్లు గీసి వెలుతురులో చూడండి. ఎరుపు కింద వెండి తెలుపు బయటపడితే అది అల్యూమినియం. పైన తెలుపు, గీస్తే లోపల ఎరుపు వస్తే అది తగరం పూసిన రాగి. దాన్ని కొందరు నంబర్ టూలో కలుపుకుంటారు, కొందరు విడిగా ధర కడతారు. ముందే అడిగి తెలుసుకోవాలి. బరువు కూడా చెబుతుంది. ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. ఒకే పొడవు, ఒకే మందం ఉన్న రెండు ముక్కల్లో పూత తీగ బరువు సగం కూడా రాదు.

ఎనామెల్ తీగను పైరంగు చూసి అసలు నమ్మొద్దు. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ చక్కటి రాగి రంగులో ఉంటుంది, బ్లేడుతో ఎనామెల్ గీకితే చాలాసార్లు కింద అల్యూమినియం ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబు చుట్టూ ఉండే డీగాసింగ్ కాయిల్ కూడా అంతే, రాగి అవ్వచ్చు, కాకపోవచ్చు. ట్యూబు మెడ మీద ఉండే యోక్ అనే తీగచుట్టలో మాత్రం మంచి రాగి దొరుకుతుంది. మైక్రోవేవ్‌లోని కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా ప్రాణాలు తీసేంత ఛార్జ్ పట్టి ఉంచగలదు. దాన్ని సురక్షితంగా డిశ్చార్జ్ చేయడం నేర్చుకోనివాళ్లు ఆ పెట్టె మూతే తీయకూడదు.

తీగ కాల్చడం గురించి గట్టిగానే చెప్తాను. దయచేసి కాల్చకండి. తీగల తొడుగుకు ఎక్కువగా వాడే పీవీసీ ప్లాస్టిక్ బరువులో సుమారు 57 శాతం క్లోరిన్ ఉంటుంది. అది మండితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులను మండిస్తుంది. డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా పుడతాయి, అవి పుట్టడానికి రాగే తోడ్పడుతుంది. ఆ పొగ పీల్చేది మనమే, మన పక్కన ఆడుకునే పిల్లలే. పోనీ డబ్బైనా మిగులుతుందా? కాలిన తీగ నల్లబడి పెళుసెక్కుతుంది, నంబర్ వన్ కావాల్సింది నంబర్ టూకు దిగుతుంది. ఆరోగ్యమూ పోయి, ధరా పోతోంది.

వలవడమే మంచిదంటే ప్రతి తీగా వలవమని కాదు. ఒక మీటరు కేబుల్ తూచండి, వలిచి రాగిని మాత్రమే తూచండి. 100 గ్రాములకు 60 వస్తే రికవరీ 60 శాతం. వలిచిన రాగి ధరను ఆ శాతంతో లెక్కేసి, మీ కూలి తీసేసి, వలవకుండా అమ్మితే వచ్చే ధరతో పోల్చండి. మందపాటి పవర్ కార్డులకు సాధారణంగా వలవడం గిట్టుబాటవుతుంది. రిబ్బన్ కేబుళ్లు, ఇయర్‌ఫోన్ తీగలు అలాగే అమ్మేయడమే మేలు. ఇయర్‌ఫోన్ తీగల్లో చాలావాటికి నూలుపోగు మీద చుట్టిన సన్నటి రాగి రేకే ఉంటుంది.

వలిచాక సోల్డరింగ్ ఉన్న కొసల్ని, ప్లగ్గుల దగ్గర క్రింప్ చేసిన ముక్కల్ని కత్తిరించి వేరే డబ్బాలో వేయండి. వలిచిన తీగను పొడిచోట, మూత పెట్టి ఉంచండి. తడి తగిలితే మెరుపు పోయి బేర్ బ్రైట్ కాస్తా నంబర్ వన్ అయిపోతుంది. అనుమానమున్న తీగను మంచి కుప్పలో ఎప్పుడూ కలపకండి. కొనేవాళ్లు చెయ్యిపెట్టి తీసిన గుప్పెట్లో ఒక్క పూత తీగ దొరికినా, బస్తా మొత్తానికి దాని ధరే కడతారు.