‘షుగరు ఉందటగా!’ అనే ముందు ఒక్క మాట

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మాట్లాడుతున్నాను. 2021 మేలో మా పెదనాన్నగారు కోవిడ్‌తో పోయారు. ‘షుగరు ఉందటగా’ అన్నారు అందరూ. మూడు ఆసుపత్రులు తిరిగాక గానీ ఆయనకు పడక దొరకలేదన్న సంగతి ఎవరూ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తోంది, విన్నప్పుడల్లా కడుపు మండుతుంది.

నా వెనక ఉన్న మరబోట్లు చూడండి. తుఫానులో పాత బోటుకు ప్రమాదం ఎక్కువే, కాదనను. వయసు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు చెక్కలు వదులైన బోటు లాంటివారు. కానీ ఆ బోటు హార్బర్‌కు ఎప్పుడు చేరింది? చేరాక జెట్టీలో చోటు దొరికిందా? కట్టడానికి మోకు ఉందా?

ఆఫ్రికాలో 10 దేశాల్లోని 64 ఆసుపత్రుల్లో విషమ స్థితిలో చేరిన 3,000 మందికి పైగా కోవిడ్ రోగుల వివరాలు 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 30 రోజుల్లో 48 శాతం మంది చనిపోయారు. ప్రపంచ సగటు 31.5 శాతం. ఆ ఆఫ్రికా రోగుల సగటు వయసు 56 లోపే, అంటే బోట్లన్నీ పాతవి కావు! మధుమేహం, హెచ్ఐవీ, కాలేయ వ్యాధి ముప్పు పెంచాయి, నిజమే. అయితే వసతులు చాలక ఐసీయూలో ఆలస్యంగా చేరినవారికి కనిపించిన ముప్పు మధుమేహం ముప్పు కంటే ఎక్కువ. జెట్టీ బయట అలల్లో ఆగిపోయిన బోటు అది. దాని చెక్కలను తప్పుపట్టడం ఏం న్యాయం?

మన దగ్గరా అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మరణాలను పరిశీలిస్తే, సగం మంది పరీక్ష జరిగిన ఆరు రోజుల లోపే పోయారు. చాలామంది హార్బర్‌కు వచ్చేసరికే బోటులోకి నీళ్లు నిండాయని నాకు అర్థమైంది.

ఇక మోకు అంటే ఆక్సిజన్. 2021 ఏప్రిల్‌లో దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన ఉక్కు కర్మాగారంలోనే ట్యాంకర్లు నింపుకొని మహారాష్ట్రకు వెళ్లింది. మోకు పేనేది మన ఊరే, అయినా ఆ నెలల్లో పడక కోసం ఇక్కడా పరుగులే.

సమయం అయిపోతోంది, రెండు మాటలు త్వరగా చెప్పేస్తాను. డెక్సామెథాసోన్ చాలా చవక మందు. వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను మూడో వంతు తగ్గించిందని 2020లో బ్రిటన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు, కాబట్టి సొంతంగా కొని వేసుకోకండి. రెండోది, ఆక్సీమీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే, ఆయాసం లేకపోయినా, ఆ పూటే ఆసుపత్రికి బయలుదేరండి.