కరెంటు పోయొచ్చాక నెట్ రావట్లేదా? డయలప్ మీద నాట్, ఫైర్‌వాల్ తిప్పలు

నమస్తే అండీ. డయలప్ అనగానే నవ్వేస్తారు, కీచుమని అరిచే మోడెమ్ ఇంకా ఎవరింట్లో ఉందని. అరుపు పోయింది గానీ డయలింగ్ పోలేదండీ. పాత యూఎస్‌బీ డాంగిల్ చాలావరకు స్టార్ 99 హ్యాష్ కొట్టి, పీపీపీ అనే పాత డయలప్ పద్ధతి మీదే కలుస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో మా గదిలో నడిచేదీ అదే. ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న లైనక్స్ కంప్యూటర్, దానికో డాంగిల్, దాని వెనకాల మా నలుగురి ల్యాప్‌టాప్‌లు. ల్యాప్‌టాప్‌ల అడ్రస్‌లని తన అడ్రస్‌గా మార్చి బయటికి పంపేది పై, దాన్నే నాట్ అంటాం.

మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చింది. పై లోంచి పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తుందా అని చూసే చిన్న ప్యాకెట్) కొడితే చక్కగా వెళ్తోంది. ల్యాప్‌టాప్‌ల్లో మాత్రం ఏమీ రాదు. "అన్నా, నీ డబ్బా చచ్చిపోయింది" అన్నాడు మా గదిలో ఉండే కడప తమ్ముడు. డబ్బా బాగానే ఉంది, తప్పు నాది.

డబ్బాలోంచి నెట్ వస్తోందంటే లైన్ బాగున్నట్టే. సిమ్ తీసి తుడవక్కర్లేదు. ముందు ఐపీ ఫార్వర్డింగ్, అంటే ఒకవైపు వచ్చిన ప్యాకెట్‌ని ఇంకోవైపు పంపే సెట్టింగ్, 1 (ఆన్) ఉందా 0 (ఆఫ్) ఉందా చూడండి. సిస్‌సీటీఎల్ అనే సెట్టింగ్స్ ఫైల్లో రాయకుండా అప్పటికప్పుడు చేత్తో ఆన్ చేసుంటే, రీబూట్‌తో మళ్లీ 0 అయిపోతుంది. నాకు 1 ఉంది, కాబట్టి అది కాదు.

ఇప్పుడు వెళ్లే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్‌ని పీపీపీ0 (డాంగిల్ లైన్‌కి పై పెట్టిన పేరు) మీద పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొడదాం. ఇదిగో, ఈ లైన్ చూడండి. బాణం గుర్తుకి ఎడమన ఉన్నది పంపేవాళ్ల అడ్రస్. అక్కడ 192.168, అంటే ల్యాప్‌టాప్ అడ్రస్, కనిపిస్తే అసలు నాట్ జరగలేదని అర్థం. నాకు 10తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తోంది, అంటే నాట్ జరిగింది. మరి ఐపీ అడ్రస్ కమాండ్ కొడితే? పీపీపీ0కి ఉన్నది ఇంకో అడ్రస్! బయటికెళ్లే ప్యాకెట్ మీద పాత అడ్రస్ ఉంది. గది మారాక పాత గది అడ్రస్‌కే బిర్యానీ ఆర్డర్ పెట్టినట్టన్నమాట. మనకి జవాబెలా వస్తుంది?

డయల్ చేసిన ప్రతిసారీ అడ్రస్ మారొచ్చు. నేనేమో ఐపీటేబుల్స్ (లైనక్స్‌లో ఈ రూల్స్ రాసే టూల్) ఎస్‌నాట్ రూల్లో, అంటే మనం రాసిన అడ్రస్‌నే వాడే నాట్‌లో, ఆ రోజు అడ్రస్ రాసి సేవ్ చేసి పెట్టా. అది తీసేసి, పోస్ట్‌రౌటింగ్‌లో (ప్యాకెట్ బయటికెళ్లే ముందు చూసే రూల్స్ వరసలో) మాస్కరేడ్ అనే ఇంకో రకం నాట్ పెట్టండి. అప్పుడున్న అడ్రస్‌ని అదే తీసుకుంటుంది. లైన్ తెగితే ఆ పాత కనెక్షన్లనీ మర్చిపోతుంది.

రూల్లో ఇంటర్‌ఫేస్ పేరు కూడా చూసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన రూల్ని అలాగే అతికిస్తే అందులో పీపీపీ0 బదులు ఈత్0 (కేబుల్ పోర్ట్ పేరు) ఉంటుంది. ఒక్కోసారి డయల్ చేసే పాత పీపీపీడీ ప్రోగ్రామ్ చావకుండా కూర్చుంటుంది, కొత్త డయల్‌కి పీపీపీ1 అని పేరొస్తుంది. అందుకే నేను పీపీపీ ప్లస్ అని రాస్తా, ఏ నంబరైనా పట్టుకుంటుంది.

ఇక ఫైర్‌వాల్. ఫార్వర్డ్ చెయిన్‌ని, అంటే పై మీదుగా వెళ్లే ప్యాకెట్లకి పైనుంచి కిందికి వరసగా చూసే రూల్స్‌ని, వీ ఆప్షన్‌తో చూస్తే ప్రతి రూల్ పక్కన ప్యాకెట్ల లెక్క ఉంటుంది. పింగ్ నడుస్తుండగా రెండుసార్లు చూడండి. మీ యాక్సెప్ట్ (వెళ్లనిచ్చే) రూల్ పక్కన 0 కదలట్లేదా, పైనున్న డ్రాప్ (పారేసే) రూల్ పక్కన అంకె పెరుగుతోందా? అయితే మీ రూల్‌దాకా ప్యాకెట్ రావట్లేదు. దాన్ని డ్రాప్‌కి పైన చేర్చండి. తిరిగొచ్చే ప్యాకెట్లకి ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ రూల్ (ముందే మొదలైన కనెక్షన్లకి చెందినవాటిని రానిచ్చేది) కూడా ఉండాలి.

పింగ్ వెళ్లి, కొన్ని సైట్లు మాత్రం సగంలో ఆగిపోతే ఎమ్‌టీయూ (లైన్ మోయగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) గొడవ. ప్యాకెట్లని ఆ సైజులో ఉంచే టీసీపీఎమ్‌ఎస్‌ఎస్ క్లాంప్ రూల్ ఒకటి వేయండి.

బయటినుంచి ఇంట్లో కెమెరా చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేదాన్ని లోపలి మెషీన్‌కి పంపే రూల్) చేసేవాళ్లకి ఒక్క మాట. పీపీపీ0 అడ్రస్ 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా ఆపరేటర్ దగ్గర ఇంకో నాట్ ఉన్నట్టే. మీ రూల్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

సరే, ఇప్పుడు డాంగిల్ పీకుతున్నా. మళ్లీ పెట్టా... డయల్ అయింది, అడ్రస్ మారింది. ల్యాప్‌టాప్‌లో పేజీ? వచ్చేసింది. మా తమ్ముడు అప్పుడే క్రికెట్ స్కోరు తెరిచేశాడు.