షార్ట్ స్కేల్ ఫ్రెట్‌లెస్ బేస్: చేతికి హాయి, చెవికి పని

ఇది చేత్తో చేసిన సెమీ హాలో బేస్ గిటార్. ఫ్రెట్‌లెస్ అంటే మెడ మీద స్వరాల చోట్లు చూపే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్లు, లేనిది. ఇలాంటిదాన్ని ఎలా పరీక్షించాలో చూద్దాం. ముందు ఈ ఒక్క స్వరం వినండి.

(జి తీగ మీద మెల్లగా జారు)

మీటగానే అణిగిపోలేదు, "మ్వా" అంటూ నోరు తెరిచినట్టు విచ్చుకుంది, చూశారా? చేత్తో చేసిన ఫ్రెట్‌లెస్‌లో మొదట చూడాల్సింది ఇదే. తీగ ఫింగర్‌బోర్డును, అంటే మెడ మీద వేళ్లు నొక్కే పలకను, ఒరుసుకుంటూ కదిలితేనే ఈ గొంతు వస్తుంది. కాబట్టి తీగలు కిందికి ఉండాలి, బోర్డు నున్నగా ఉండాలి. ఎక్కడో ఒక్క స్వరం మాత్రం గుటుక్కుమని చచ్చిపోతోందంటే ఆ పైన బోర్డు ఉబ్బి ఉందేమో చూడాలి. అది ట్రస్ రాడ్ (మెడ లోపల వంపుని సరిచేసే లోహపు కడ్డీ) తిప్పితే పోదు, సానపట్టాల్సిందే.

ఇది 30 అంగుళాల స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు. లాంగ్ స్కేల్ అయితే 34. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి సెమీటోన్, అంటే పక్క స్వరం, అక్కడ 1.91 అంగుళాలు, ఇక్కడ 1.68. ఎడమ చేతికి హాయే. కానీ దూరం తగ్గితే తప్పుకి చోటూ తగ్గుతుంది. పన్నెండో స్థానంలో వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే దాదాపు 4.5 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) శ్రుతి పోతుంది. పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ.

మెడ అంచు మీద ఉండే పక్క చుక్కలు తప్పకుండా కొలవండి. ఫ్రెట్లున్న బేస్‌లో అవి రెండు ఫ్రెట్ల మధ్య ఉంటాయి. ఇందులో సరిగ్గా స్వరం పలికే చోటే ఉండాలి, వేలూ అక్కడే పడాలి. పన్నెండో చుక్క నట్ నుంచి 15 అంగుళాల దగ్గర ఉండాలి. పద్నాలుగున్నర దగ్గర కనిపిస్తే ఫ్రెట్ల బేస్ లెక్కలో పెట్టేశారన్నమాట. దాన్ని నమ్ముకుంటే ప్రతి స్వరమూ అర సెమీటోన్ కిందే పలుకుతుంది!

ఇక అసలు తలనొప్పి ఇ తీగ, అన్నిటికంటే లావుది. అదే తీగ, అదే శ్రుతి, కానీ 34 మీద కంటే బిగువు 22 శాతం తక్కువ. గట్టిగా లాగితే వెడల్పుగా ఊగి బోర్డుకి కొట్టుకుంటుంది. 105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) వదులుగా అనిపిస్తే 110 వేయండి. పైచుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ మంచిది, గుండ్రటి చుట్టు ఉండే రౌండ్‌వౌండ్ బోర్డుని అరగదీస్తుంది. షార్ట్ స్కేల్ సెట్టే కొనండి, లేదంటే లావు భాగమే ట్యూనర్‌కి (శ్రుతి చేసే మరకి) చుట్టుకోవాల్సి వస్తుంది. కత్తిరించే ముందు తీగని లంబకోణంలో వంచండి, లేకపోతే పైచుట్టు విడిపోతుంది. మెడ వంపు 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు.

సెమీ హాలో అంటే లోపల మధ్యలో కలప దిమ్మ, రెండు పక్కలా బోలు. ఆంప్ లేకుండానే గదిలో సాధన చేసుకునేంత వినిపిస్తుంది. వేదిక మీద మాత్రం వాల్యూమ్ పెంచగానే ఏదో ఒక కింది స్వరం బొంయ్‌మని మోగుతూనే ఉంటుంది. ఆంప్‌కి ఎదురుగా నిలబడకండి. అయినా ఆగకపోతే ఎఫ్-హోల్స్‌లో (బాడీ ముందువైపు ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో) స్పాంజి ముక్కలు దూర్చండి, చూడ్డానికి బాగోదు కానీ పనిచేస్తుంది.

పట్టీ తగిలించి రెండు చేతులూ వదిలేసి చూడండి. బాడీ తేలికైతే తల కిందికి వాలుతుంది. వాలితే తేలికపాటి ట్యూనర్లు వేయించుకోండి. లేదంటే ఎడమ చెయ్యి మెడని మోస్తూనే శ్రుతి వెతుక్కోవాలి.