బాఖ్ ఇ మైనర్ ఫ్లూటు సొనాటా: కింది గొంతు కూడా వినండి

నమస్కారం. ఈ వీడియోలో జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఇ మైనర్ ఫ్లూటు సొనాటా (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన), బాఖ్ రచనల జాబితాలో బి.డబ్ల్యు.వి. 1034 గురించి మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇందులో ఫ్లూటును ఒక్కదాన్నే వింటే సగం సంగీతం చేజారినట్టే.

ఫ్లూటుకు తోడుగా ఉండేది కంటిన్యువో, అంటే కింది గొంతును వాయించే జట్టు. చెల్లో లేదా దానిలాంటి పాత కమాను వాద్యం వయోలా ద గాంబా, బాస్ అనే ఆ కింది వరుసను వాయిస్తుంది. పియానోకు ముందుతరం మెట్ల వాద్యమైన హార్ప్సికార్డ్ కళాకారుడు అదే వరుసను ఎడమచేత్తో పట్టుకుని, అక్కడ రాసి ఉన్న అంకెలను బట్టి కుడిచేతి స్వరాలను తానే కూర్చుకుంటాడు. మన కచేరీల్లో మృదంగ విద్వాంసుడికి ఎంత మనోధర్మం కావాలో, ఇక్కడ ఇతనికీ అంత కావాలి.

బాఖ్ దీన్ని 1724 ప్రాంతంలో, జర్మనీలోని లైప్‌జిగ్ నగరం చేరిన కొత్తలో రాసి ఉంటాడని పండితుల అంచనా. ఆ ఏడాది చర్చి కోసం రాసిన కాంటాటాల్లోనూ (గాయకులు, వాద్యాలు కలిసి చేసే రచనలు) కష్టమైన ఫ్లూటు భాగాలు కనిపిస్తాయి. మంచి వాద్యకారుడు ఎవరో అతనికి దొరికాడన్నమాట.

అప్పటి ఫ్లూటు చెక్కది. ఆరు రంధ్రాలు, ఒకే ఒక్క మీట. కుడిచేతి చిటికెన వేలు ఆ మీటను నొక్కితే పలికేది డి షార్ప్. ఇ మైనర్‌లో పాటను ఇంటికి, అంటే ఆధార స్వరమైన ‘ఇ’కి చేర్చేది సరిగ్గా అదే! అందుకే వీలైతే చెక్క ఫ్లూటుతో చేసిన రికార్డింగే వినండి. లోహపు ఫ్లూటులో స్వరాలన్నీ ఒకే మెరుపుతో వస్తాయి. చెక్క వాద్యంలో ఒక్కో స్వరానికి ఒక్కో రంగు.

మొదటి భాగం నెమ్మదిగా, దిగులుగా నడుస్తుంది. రెండోది అల్లెగ్రో, అంటే వేగంగా సాగేది; ఊపిరి తీసుకోవడానికి చోటు వెతుక్కోవాల్సినంత ఎడతెగని పరుగు. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో మనకు తెలియకుండా వాయించినవారే నా దృష్టిలో గెలిచినట్టు.

ఇక మూడోది, ఆందాంతే, అంటే నింపాది నడక. నాకు ప్రాణం ఇదే. జి మేజర్‌లోకి మారగానే వెలుతురు పరుచుకుంటుంది. మొదట కాసేపు బాస్ ఒక్కటే తొందరపడకుండా నడుస్తుంది. ఆ తర్వాతే ఫ్లూటు పాట అందుకుంటుంది. బాస్ మాత్రం తన దారి వదలదు, అదే నడక వేరే శ్రుతుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి పూర్తిగా చెల్లో మీదే చెవి పెట్టి వినండి. ఫ్లూటు ఎందుకు అంత స్వేచ్ఛగా తేలుతోందో అప్పుడు తెలుస్తుంది.

చివరి అల్లెగ్రో రెండు సగాలు, ఒక్కో సగం రెండేసి సార్లు వాయించాలి. సమయం కలిసొస్తుందని కొందరు ఆ రెండోసారిని వదిలేస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. కొత్త గమకాలు, అలంకారాలు చేర్చే అవకాశం వాద్యకారుడికి దొరికేది అక్కడే. రికార్డింగ్ ఎంచుకునేటప్పుడు ముందు ఆ భాగాన్నే పెట్టి చూడండి.