యాక్టివా ఉన్నోళ్లకి రేషన్ ఎందుకు? కంట్రోల్ బియ్యం మీద మనం వేసే లెక్కలు

హాయ్ అందరికీ. ఈసారి టాపిక్ కంట్రోల్ బియ్యం, ఇంకా చెప్పాలంటే ఆ బియ్యం తెచ్చుకునేటోళ్ల గురించి మిగతావాళ్లు అనుకునే మాటలు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ తీస్కున్నా అప్పుడప్పుడు ఈ ముచ్చట లేస్తది, "బండి మీద వస్తరు, చేతిల టచ్ ఫోన్, చెవులకి బంగారం, మళ్ల ఫ్రీ బియ్యం, అన్నీ మన టాక్స్ పైసలే సార్" అని ఒకాయన పెడ్తడు, కింద అందరూ దండం ఎమోజీలు పెట్టి గుడ్ నైట్ చెప్పుకుంటరు.

ముందు బండి సంగతి చూద్దాం. బోరబండల ఉండి కొండాపూర్‌ల నాలుగిండ్లు పని చేసే ఆమెకి పొద్దుగాల ఆరున్నరకి మొదటి ఇంట్ల ఉండాలె, ఆ టైమ్‌కి భర్తో కొడుకో సెకండ్ హ్యాండ్ బండి మీద దింపకపోతే ఆ ఇల్లు పోయినట్టే. డెలివరీ చేసే పిల్లగాడికైతే బండి, ఫోన్ రెండూ లేకుంటే ఉద్యోగమే లేదు. ఫోన్ లేకపోతే జీతం ఎట్ల పడ్తది, మీరే ఫోన్‌పే కొడ్తరు కదా పనామెకి. ఇక చెవులకి ఉన్న అర తులం అంటారా, అది పిల్లకి డెంగీ వచ్చిన రోజు కుదువ పెట్టడానికి ఉన్నది. మనకి ఎఫ్‌డీ ఉంటది, వాళ్లకి కమ్మలుంటయ్, అంతే తేడా.

(స్క్రీన్ మీద: 4 మంది × 6 కిలోలు = 24 కిలోలు)

ఇంతకీ ఎంతొస్తది? తెలంగాణల మామూలు ఆహార భద్రత కార్డు మీద మనిషికి నెలకి 6 కిలోలు, అందులో 5 కిలోలు 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం వచ్చేటివి, ఆరో కిలో రాష్ట్రం కలుపుతది. మరీ పేదోళ్లకిచ్చే అంత్యోదయ కార్డు అయితే ఇంటికి 35 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోల సన్నబియ్యం అంటే బయట కిలో 50 లెక్కన వేసుకున్నా 1,200 రూపాయలు. "ఫ్రీగా తిని సోమరులైతున్నరు" అంటరే, ఆ 1,200తోని బోరబండల ఒక్క గది కిరాయి కూడా రాదు. గ్యాస్, పప్పు, నూనె, స్కూల్ ఫీజు ఎక్కడినుంచి వస్తయ్? పని మానేసి బతికే పరిస్థితి ఏ మూల ఉందో నాకైతే కనపడ్తలేదు. పప్పు, నూనె అంటే యాదికొచ్చింది, 2013ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల అమ్మహస్తం అని 185 రూపాయలకి 9 సరుకుల సంచి ఇచ్చేటోళ్లు, చింతపండు, కారం, పసుపు కూడా ఉండేవి. క్వాలిటీ మీద మస్తు తిట్టుకున్నరు అనుకోండి, కానీ ఐడియా కరెక్టే, ఉత్త బియ్యం తోని కూర కాదు కదా.

ఇంకో పెద్ద ఆరోపణ, "వాళ్లు తినరు, అమ్ముకుంటరు". నిజమే, అమ్ముకున్నరు, దాచేదేం లేదు. మొన్నటిదాకా ఇచ్చింది దొడ్డుబియ్యం, సన్నబియ్యం అలవాటైన ఇండ్లల్ల అవి దిగవు, గల్లీలకొచ్చి కిలో పదికో పదిహేనుకో కొనుక్కపోయేటోళ్లు ఉండేవాళ్లు, ఆ బియ్యం పాలిష్ పట్టి మళ్ల మార్కెట్‌కే వచ్చేటియ్. ఇందులో రెండు మూడు వందలు ఆ ఇంటికి పోయినయ్, అసలు పైసలు మధ్యల ఉన్నోళ్లు తిన్నరు, తిట్లు మాత్రం సంచి పట్టుకొని లైన్ల నిలబడ్డ ఆమెకి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం మొదలుపెట్టినంక చూడండి, డీలర్ దగ్గర లైన్లు పెరిగినయ్, అంటే తినే బియ్యం ఇస్తే తింటరు.

టాక్స్ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన పార్ట్. 2025-26 నుంచి కొత్త టాక్స్ రెజీమ్‌ల 12 లక్షల దాకా జీతం ఉన్నోళ్లకి ఇన్‌కమ్ టాక్స్ సున్నా. గ్రూప్‌ల "మా టాక్స్ పైసలు" అని రాసేటోళ్లల్ల ఎంతమంది ఈ లెక్కల సున్నా కడ్తున్నరో ఒకసారి వాళ్లే చూసుకోవాలె. అదే టైమ్‌ల పనామె కొనే సబ్బు మీద, టూత్‌పేస్ట్ మీద 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం జీఎస్టీ ఉండె, ఇప్పుడు 5 చేసిండ్రు. బండిల పోయించుకునే పెట్రోల్ మీద మనం ఎంత కడ్తమో ఆమె కొడుకు కూడా అంతే కడ్తడు, బంక్‌ల కార్డు చూపిస్తే తగ్గించరు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్న. ఈ "బండి ఉంది, ఏదో ఉంది" అనే అనుమానం వాట్సాప్‌ల ఉంటే ఉండనీ అనుకోవచ్చు, కానీ అది రూల్ అయితది, సాఫ్ట్‌వేర్ అయితది. మన రాష్ట్రంల సమగ్ర వేదిక అని ఒక సిస్టమ్ ఉంది, వేరే వేరే డిపార్ట్‌మెంట్ల డేటా అంతా కలిపి, బండ్లు, ఆస్తులు, కరెంట్ మీటర్ ఇట్లాంటివి ఎవరి పేరు మీద ఉన్నయో పేర్లు అడ్రస్‌లు మ్యాచ్ చేసి వీళ్లకి కార్డు అక్కర్లేదు అని చెప్తది. మన దగ్గర పేర్లు ఎట్ల ఉంటయో తెల్సు కదా, ఒక్క పాతబస్తీల సయ్యద్ అలీలు ఎంతమంది, ఒక్క ఉప్పల్‌ల శ్రీనివాస్‌లు ఎంతమంది? రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని చూపించి ఆ ఇంటికి రేషన్ ఆపిన కేసు మన హైదరాబాద్‌దే. ఇంటికి నోటీస్ రాదు, ఒకరోజు షాపుకి పోతే మిషన్ల పేరు ఉండదు, డీలర్ "నాకేం తెల్వదమ్మా, ఆఫీస్‌ల అడుగు" అంటడు. మొత్తం రాష్ట్రంల ఇట్ల రద్దయిన 19 లక్షల కార్డుల మీద ఒక సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్‌ల కోర్టు ఇంటింటికి పోయి మళ్ల చెక్ చేయమన్నది. చెక్ చేస్తే వేల కుటుంబాలు అర్హులే అని తేలింది. అన్ని నెలల బియ్యం ఎవరు వాపస్ ఇస్తరు?

అట్లని కార్డులున్న అందరూ పేదోళ్లే అని నేను అనను. మూడంతస్తుల ఇల్లు కిరాయికిచ్చి తెల్లకార్డు పెట్టుకున్నోళ్లు నాకూ తెల్సు, మీకూ తెల్సు. వాళ్లల్ల చాలామంది కార్డు పెట్టుకునేది ఆరోగ్యశ్రీ కోసం, బియ్యం ముట్టను కూడా ముట్టరు. కానీ కార్డుకి ఇన్‌కమ్ లిమిట్ చూడండి, సిటీల ఏడాదికి 2 లక్షలు, అంటే నెలకి 16,667. వాచ్‌మన్ జీతం, ఆయన భార్య రెండిండ్ల పని కలిపితేనే ఇది దాటిపోతది, సో నిజం చెప్పిన వాచ్‌మన్‌కి కార్డు రాదు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎట్ల తేవాల్నో తెల్సినోడికి వస్తది. ఈ లిమిట్ సంగతి ఎవరూ గ్రూప్‌ల పెట్టరెందుకో మరి.

వేలిముద్ర గురించి కూడా చెప్పాలె, అంట్లు తోమీ తోమీ, సిమెంట్ కలిపీ చేతుల గీతలు అరిగిపోయినోళ్లకి మిషన్ పట్టదు. అప్పుడు ఐరిస్, అంటే కంటి స్కాన్ అడగండి, అది లేదు అని వెనక్కి పంపిస్తే ఊరుకోవద్దు.

మీ ఇంట్ల పని చేసే ఆమెకి కార్డు ఉందా, అందులో పిల్లల పేర్లు ఉన్నయా అడగండి. చానా ఏండ్లు కొత్త కార్డులు సరిగ్గ ఇయ్యక 2025 జులై నుంచే పెద్ద ఎత్తున ఇచ్చిండ్రు, ఆ గ్యాప్‌ల పుట్టిన పిల్లల పేర్లు ఎక్కలేదు, కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డుల్నే ఉంటది, అక్కడ తీసేస్తేనే ఇక్కడ ఎక్కుతది. మీ సేవల అప్లై చేయాలె, ఆధార్‌ల స్పెల్లింగ్ కార్డుల స్పెల్లింగ్ ఒకటే ఉండాలె. షాపుల ఇబ్బంది పెడితే నంబర్ 1967. శ్రీకాకుళం నుంచో కర్నూల్ నుంచో పనికొచ్చినోళ్లైతే వాళ్ల ఆంధ్ర కార్డు మీదనే ఇక్కడ షాపుల బియ్యం అడగొచ్చు, ఈ సౌకర్యం 2019 నుంచే ఉంది, చెప్పేటోళ్లే లేరు. మీ సేవల పేర్లు ఎక్కించే ఫామ్ ఎట్ల నింపాలో నెక్స్ట్ వీడియోల చూపిస్త, డౌట్లుంటే కింద రాయండి.